కచేరీ రికార్డింగ్‌లో ట్రాక్ మారేచోట తంబురా తెగుతోంది, గ్యాప్ లేకుండా పాడే ప్లేయర్ ఏది?

పాత_క్యాసెట్:

అందరికీ నమస్తే. కొంచెం పెద్ద కథ, ఓపిక పట్టండి. 1991లో మా ఊళ్ళో శ్రీరామనవమి పందిట్లో జరిగిన ఒక వయొలిన్ కచేరీని మా మామయ్య టేప్‌రికార్డర్‌లో పట్టారు. రెండు క్యాసెట్లు. వాయించినాయన పెద్ద పేరున్న విద్వాంసుడేం కాదు, మా చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ళకి తెలిసినాయన, అంతే. అందుకే ఇది ఇంకెక్కడా దొరకదు. క్యాసెట్లకి బూజు పట్టేలోపే మా తమ్ముడు ఎక్కడో ఓ పాత డెక్ సంపాదించి, లాప్‌టాప్‌కి వైరు కలిపి ఆడాసిటీ అనే రికార్డింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించాడు. నేను దానికి లేబుల్స్ పెట్టి 11 ముక్కలు చేసి, 192 కేబీపీఎస్ ఎంపీ3లుగా ఎక్స్‌పోర్ట్ చేశా.

అసలు సమస్య ఇక్కడ మొదలైంది. కీర్తనకీ కీర్తనకీ మధ్య చప్పట్లు, గొంతు సవరించుకోవడాలు, మైకు గోల ఉన్నాయి కాబట్టి అక్కడ ట్రాక్ మారినా పెద్దగా తెలియదు. రాగం తానం పల్లవి దగ్గరే చిక్కు. రాగం ఒక ట్రాక్, తానం ఒకటి, పల్లవి ఒకటి, తనియావర్తనం (మృదంగం ఒంటరిగా వాయించే భాగం) ఒకటి చేశా. వెనక తంబురా ఎక్కడా ఆగదు కదా, ట్రాక్ మారగానే ఆ శ్రుతి టక్కున తెగి మళ్ళీ అందుకుంటోంది. అర సెకను కూడా ఉండదు, కానీ గుచ్చుకుంటుంది. పల్లవిలోంచి తనిలోకి వెళ్ళేచోట మరీ ఘోరం, మృదంగం దెబ్బ సరిగ్గా అతుకు మీద పడింది, వింటుంటే తాళం తప్పినట్టే ఉంది. నాన్న ఒళ్ళో చేత్తో తాళం వేసుకుంటూ వింటారు. అక్కడికి రాగానే చెయ్యి ఆపి నా వైపు చూస్తారు, వాయించింది నేనే అన్నట్టు.

ఇప్పటివరకు వాడింది సినిమాల కోసం వేసుకున్న వీడియో ప్లేయర్. సెట్టింగ్స్ అంతా వెతికా, ఏమీ దొరకలేదు. నాకు కావలసింది డబ్బు కట్టక్కర్లేని ప్లేయర్, నాన్నకి (71 ఏళ్ళు) రెండు క్లిక్కుల్లో పని అయిపోవాలి. లాప్‌టాప్‌లో విండోస్ 11. హాల్లో ఓ ముసలి డెస్క్‌టాప్ ఉంది, అందులో మా అక్క కొడుకు లైనక్స్ మింట్ వేశాడు, దానికి స్పీకర్లు బాగుంటాయి కాబట్టి అందులో కూడా పాడితే ఇంకా మంచిది.

రెండుముక్కలు:

ఫూబార్2000. ఉచితం. వేసుకుని మర్చిపో.

శ్రుతిబాక్స్:

పైన చెప్పింది కరెక్టే కానీ అంతటితో అయిపోదు, ఎందుకంటే ఆ గ్యాప్‌లో సగం పాపం ప్లేయర్‌ది, సగం ఫైల్‌ది.

ప్లేయర్ సంగతి ముందు. మామూలు ప్లేయర్ ఏం చేస్తుందంటే ఒక ఫైల్ పూర్తిగా అయ్యాక దాన్ని మూసి, సౌండ్ పరికరాన్ని కూడా వదిలేసి, తర్వాతి ఫైల్ తెరిచి, మళ్ళీ పరికరాన్ని పట్టుకుంటుంది. ఈ హడావిడిలో కొంత నిశ్శబ్దం దొర్లుతుంది. గ్యాప్‌లెస్ ప్లేయర్ అయితే మొదటి పాట చివర్లో ఉండగానే రెండోదాన్ని తెరిచి డీకోడ్ చేసి వరసలో పెట్టుకుంటుంది, సౌండ్ కార్డుకి వెళ్ళే ధార ఎక్కడా ఆగదు. వంటింట్లో ఒక గ్యాస్ బండ అయిపోయాక రెండోది బుక్ చేయడానికీ, పక్కన నిండుది పెట్టుకోవడానికీ ఉన్న తేడా. వీడియో కోసం పుట్టిన ప్లేయర్లలో ఇది సాధారణంగా ఉండదు. వీఎల్‌సీ 3 వరస వెర్షన్లలో కూడా లేదు, కాబట్టి సెట్టింగ్స్‌లో వెతికి లాభం లేదు.

ఇక ఫైల్ సంగతి. ఎంపీ3 ధ్వనిని 1152 శాంపిళ్ళ (శాంపిల్ అంటే ఒక్క క్షణంలో ధ్వని ఎత్తుని కొలిచిన అంకె) ఫ్రేములుగా మూట కడుతుంది. నీ ముక్క సరిగ్గా 1152తో భాగించబడేలా ఎందుకుంటుంది? ఉండదు. చివరి ఫ్రేము ఖాళీని సున్నాలతో నింపేస్తారు. దానికి తోడు ముందు భాగంలో ఎన్‌కోడర్ (ఎంపీ3గా కుదించే ప్రోగ్రామ్) తన లెక్క కోసం కొంత నిశ్శబ్దం చేరుస్తుంది. లేమ్ ఎన్‌కోడర్ అయితే మామూలుగా 576 శాంపిళ్ళు, డీకోడర్ వల్ల ఇంకో 529 ఆలస్యం, మొత్తం 1105. సెకనుకి 44,100 శాంపిళ్ళ లెక్కన ముందే 25 మిల్లీసెకన్లు పోయాయి. వెనక పాడింగ్ కూడా కలుపుకుంటే అతుకు దగ్గర 50 మిల్లీసెకన్ల దాకా సున్నాలు ఉండొచ్చు. సినిమా పాటల మధ్య ఇది ఎవడికీ తెలియదు. తంబురా మోగుతుంటే మాత్రం చెవిటివాడికి కూడా తెలుస్తుంది.

దీనికి లేమ్ వాళ్ళు పెట్టిన విరుగుడు ఏంటంటే, ముందు ఎన్ని శాంపిళ్ళు అదనం, వెనక ఎన్ని అదనం అని ఫైల్ మొదట్లోనే ఒక చీటీలా రాసి పెడతారు. ఆ చీటీ చదివే ప్లేయర్ అదనపు ముక్కల్ని కత్తిరించి పాడుతుంది. అంటే చీటీ ఉన్న ఫైల్ కావాలి, చీటీ చదివే ప్లేయర్ కావాలి, రెండిట్లో ఏది లేకపోయినా నీ తంబురా తెగినట్టే. ఫూబార్ చదువుతుంది. నీ ఫైల్‌లో చీటీ ఉందో లేదో కూడా అదే చెబుతుంది, ట్రాక్ మీద రైట్ క్లిక్ కొట్టి ప్రాపర్టీస్ తెరువు, ఎన్‌కోడర్ డిలే, పాడింగ్ అని రెండు అంకెలు కనిపిస్తే ఉన్నట్టు.

ఒక ప్రశ్న. ఆడాసిటీ ప్రాజెక్ట్ ఫైల్ ఉంచావా, తుడిచేశావా?

చార్మినార్_చౌరస్తా:

ఇంత లెక్కలెందుకు భయ్యా, ప్లేయర్‌లో క్రాస్‌ఫేడ్ అని ఉంటుంది, రెండు సెకన్లు పెట్టుకో, ఒకటి తగ్గుతుంటే ఇంకోటి లేస్తుంది, గ్యాప్ అనేదే వినిపించదు. నేను ఫంక్షన్లలో పాటలు వేసేటప్పుడు అదే చేస్తా.

మృదంగం_మూల:

చార్మినార్ అన్నా, సంగీత్ ఫంక్షన్‌లో ఒక పాట మీద ఇంకో పాట ఎక్కించడానికి అది బాగానే ఉంటుంది, ఇక్కడ పెడితే కొంప మునుగుతుంది. క్రాస్‌ఫేడ్ గ్యాప్‌ని పూడ్చదు, మొదటి ట్రాక్ చివరి రెండు సెకన్లనీ రెండో ట్రాక్ మొదటి రెండు సెకన్లనీ ఒకదాని మీద ఒకటి పేర్చి పాడుతుంది. ఆది తాళంలో మధ్యమకాలంలో నడుస్తున్న పల్లవి అనుకో, రెండు సెకన్లంటే రెండు మూడు దెబ్బలు. ముందు దెబ్బలూ తర్వాత రావలసిన దెబ్బలూ ఒకేసారి పడతాయి, ఆ పైన మొత్తం కచేరీలోంచి రెండు సెకన్ల కాలం మాయం. ఇప్పుడు ఆయన నాన్నగారు చెయ్యి ఆపి చూస్తున్నారు, క్రాస్‌ఫేడ్ పెడితే లేచి వెళ్ళిపోతారు.

ఇంకో చిట్కా కూడా ఎవరో ఒకరు చెబుతారు, నేనే ముందు చెప్పి కాదంటా. నిశ్శబ్దం వస్తే దాటేసే ఫిల్టర్లు ఉంటాయి. అవి కూడా వద్దు. తనియావర్తనంలో విద్వాంసుడు కావాలని వదిలే ఖాళీలు ఉంటాయి, కార్వైలు, వాటిని కూడా అది మింగేయొచ్చు. క్యాసెట్‌లో హిస్ (టేపు బుసబుస చప్పుడు) ఉంటుంది కాబట్టి పూర్తి నిశ్శబ్దం దానికి దొరకదేమో గానీ, ఆ రిస్క్ ఎందుకు.

చార్మినార్_చౌరస్తా:

సరే సరే, మన లైన్ వేరు మీ లైన్ వేరు. వెనక్కి తీసుకుంటున్నా.

పాత_క్యాసెట్:

శ్రుతిబాక్స్ గారూ, ఫూబార్ వేశా. ప్రాపర్టీస్‌లో ఆ రెండు అంకెలూ కనిపించాయి, డిలే 576 అనే ఉంది, మీరు చెప్పినట్టే. పాడించి చూస్తే రాగం నుంచి తానంలోకి దాదాపు అతుకు తెలియట్లేదు, నిజంగా థ్యాంక్స్. కానీ పల్లవి, తని మధ్య చిన్న టిక్ ఒకటి మిగిలింది. ఇంతకుముందులా తెగడం కాదు, గోరుతో గీకినంత చిన్న చప్పుడు. హెడ్‌ఫోన్స్‌లో అయితే స్పష్టంగా ఉంది. ప్రాజెక్ట్ ఫైల్ ఉంది, తమ్ముడి హార్డ్ డిస్క్‌లో భద్రంగా ఉంది. ఆ ఎంపీ3లని ఫ్లాక్‌లోకి (నాణ్యత పోకుండా కుదించే ఫార్మాట్ అంటారే, అందులోకి) కన్వర్ట్ చేస్తే సరిపోతుందా?

శ్రుతిబాక్స్:

వద్దు, వద్దు. ఎంపీ3ని ఫ్లాక్ చేయడమంటే జిరాక్స్ కాపీకి లామినేషన్ చేయించడమే. పోయింది పోయినట్టే ఉంటుంది, సైజు మాత్రం పెరుగుతుంది.

ఆ టిక్ ఎందుకంటే, ఎంపీ3లో ప్రతి ముక్కనీ విడివిడిగా కుదించావు. మొదటి ముక్క చివరకి వచ్చేసరికి ఎన్‌కోడర్‌కి ఆ తర్వాత ఏముందో తెలియదు, సున్నాలు ఉన్నాయనుకుంటుంది. రెండో ముక్కకి ముందు ఏముందో తెలియదు. అందుకని అంచుల దగ్గర తరంగం ఆకారం కాస్త మారిపోతుంది. కత్తిరించింది సరైన చోటే అయినా ఈ అంచూ ఆ అంచూ ఎత్తులో సరిగ్గా కలవవు, ఆ మెట్టే టిక్‌లా వినిపిస్తుంది. తంబురా మెత్తగా ఉన్నచోట దాక్కుంటుంది, మృదంగం దెబ్బ మధ్యలో దాక్కోదు.

ఫ్లాక్‌లో ఈ గొడవ ఉండదు, ఒక్క శాంపిల్ కూడా కలపదు, తీయదు, మార్చదు. మొత్తం ఎన్ని శాంపిళ్ళో ఫైల్‌లోనే రాసి ఉంటుంది. ప్రాజెక్ట్ తెరువు, అవే లేబుల్స్‌తో మళ్ళీ మల్టిపుల్ ఎక్స్‌పోర్ట్ చెయ్యి, ఫార్మాట్ దగ్గర ఫ్లాక్ ఎంచుకో. అంతే, పది నిమిషాల పని. చోటు గురించి బెంగ అక్కర్లేదు, స్టీరియో వేవ్ అయితే గంటకి 600 ఎంబీ పైన పడుతుంది, ఫ్లాక్ దాన్ని దరిదాపు సగం చేస్తుంది, క్యాసెట్ హిస్ ఎక్కువుంటే అంత తగ్గకపోవచ్చు. పందిట్లో ఒక్క మైకుతో పట్టిన మోనో రికార్డింగ్ అయితే మోనోగానే ఎక్స్‌పోర్ట్ చెయ్యి, అందులోనూ సగం మిగులుతుంది.

ఫోన్‌లో వేసుకోవడానికి చిన్న ఫైళ్ళే కావాలంటే ఎంపీ3 బదులు ఓపస్‌గానీ ఆగ్ వోర్బిస్‌గానీ చూడు. వాటిని తయారుచేసినప్పుడే ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ ఆపాలి అన్న లెక్క ఫార్మాట్‌లోనే పెట్టారు, ఎంపీ3లోలాగా తర్వాత అతికించిన చీటీ కాదు.

ఇంకోటి, ఎవరికైనా పనికొస్తుందని. ఆన్‌లైన్‌లో దొరికే ఎంపీ3 కట్టర్లతో కోసిన ఫైళ్ళలో ఈ చీటీ ఉండకపోవచ్చు, ఉన్నా పాత పొడవుదే మిగిలిపోయి ఉండొచ్చు. అలాంటప్పుడు ఫూబార్ యుటిలిటీస్‌లో ఎంపీ3 గ్యాప్‌లెస్ సమాచారాన్ని చేత్తో మార్చుకునే ఆప్షన్ ఒకటి ఉంది. అసలు మూలం పోయిన ఫైళ్ళకి అదే దిక్కు.

లైనక్స్_బాబాయ్:

హాల్లో డెస్క్‌టాప్‌కి నేను చెబుతా. మింట్‌లో సాఫ్ట్‌వేర్ మేనేజర్ తెరిచి స్ట్రాబెరీ అని కొట్టండి. అది క్లెమెంటైన్ అనే ప్లేయర్‌లోంచి చీలి వచ్చింది, క్లెమెంటైన్ ఏమో అమరోక్ 1.4లోంచి వచ్చింది, వంశవృక్షం బాగానే ఉంది. సెట్టింగ్స్‌లో క్రాస్‌ఫేడ్ టిక్కులు తీసేయండి, ఫ్లాక్‌లు వరసగా పాడేస్తుంది. పెద్దాయనకి లైబ్రరీ, కవర్ బొమ్మలు అన్నీ కనిపిస్తాయి కాబట్టి వాడడం తేలిక.

నా చెయ్యి మాత్రం డెడ్‌బీఫ్‌కే అలవాటు పడింది. పేరు చూసి భయపడకండి. చూడ్డానికి ఫూబార్‌లాగే బోడిగా, పట్టికలా ఉంటుంది, పాత మెషిన్ మీద కూడా తేలిగ్గా నడుస్తుంది. ఆడేషియస్ కూడా మంచిదే, విన్‌యాంప్ రోజులు గుర్తొస్తే దానికి ఆ తొడుగు కూడా వేసుకోవచ్చు. ఏమీ వద్దు, టెర్మినల్ చాలు అనేవాళ్ళకి ఎంపీవీ ఉంది. అందులో గ్యాప్‌లెస్ అనే ఆప్షన్ మామూలుగా "వీక్" మీద ఉంటుంది, అంటే రెండు ఫైళ్ళ ఫార్మాటూ శాంపిల్ రేటూ ఒకటైతేనే ధార ఆపకుండా పాడుతుంది, తేడా ఉంటే పరికరాన్ని మూసి తెరుస్తుంది. చాలామందికి ఈ ముక్క తెలియక ఎంపీవీ గ్యాప్ ఇస్తోందని తిడుతుంటారు.

విన్‌యాంప్ అంటే గుర్తొచ్చింది. ఫూబార్ రాసిన పీటర్ పావ్లోవ్‌స్కీ అంతకుముందు విన్‌యాంప్ తయారుచేసిన నల్‌సాఫ్ట్‌కి పనిచేసినాయనే. 1997లో వచ్చిన విన్‌యాంప్‌కి ఊరంతా తొడుగులు కుడుతూ కూర్చుంటే, 2002లో ఆయన అలంకారం ఏమీ లేని ప్లేయర్ తెచ్చాడు. ఇన్నేళ్ళైనా దాని మొహం మారలేదు, నాకు అదే నచ్చింది (విండోస్ వదిలేశాక కూడా).

డాలస్_దాసు:

మాక్ వాళ్ళు ఎవరైనా చదువుతుంటే వాళ్ళ కోసం: మాక్‌లో ఉన్న మ్యూజిక్ యాప్ గ్యాప్‌లెస్‌గానే పాడుతుంది. 2006లో ఐట్యూన్స్ 7 నుంచి ఉంది అది. ఏఏసీ ఫైళ్ళకి కూడా ఎంపీ3 లాంటి బాధే, ముందు 2112 శాంపిళ్ళ ఖాళీ చేరుతుంది, దాని చీటీని ఐట్యూన్స్ తన సొంత ట్యాగ్‌లో రాసుకునేది. కానీ మ్యూజిక్ యాప్ ఫ్లాక్‌ని లైబ్రరీలోకి తీసుకోదు, ఏఎల్ఏసీ (ఫ్లాక్ లాంటి ఆపిల్ ఫార్మాట్) చేసుకోవాలి. ఆ బాధ వద్దనుకుంటే కాగ్ అని ఉచిత ప్లేయర్ ఉంది, నేను అదే వాడతా. ఫూబార్‌కి కూడా మాక్ వెర్షన్ వచ్చింది.

నాకు జరిగింది ఒకటి చెబుతా, మీకు రాకూడదని. ఇండియా వచ్చినప్పుడు మా అత్తగారింట్లో హరికథ క్యాసెట్లు ఎక్కించుకున్నా. ఒక వైపు ఎక్కించాక సౌండ్ కార్డు మార్చా, కొత్తది సెకనుకి 48,000 శాంపిళ్ళ మీద ఉంది, పాతది 44,100. వినడానికి తేడా తెలియలేదు. పాడించేటప్పుడు సరిగ్గా ఆ వైపు మారేచోట ఒక చిటుకు. ప్లేయర్‌ని తిట్టుకుంటూ మూడు ప్లేయర్లు మార్చా. చివరికి చూస్తే రేటు మారగానే సౌండ్ పరికరాన్ని మూసి తెరవాల్సి వస్తోంది, విండోస్‌లో వాసాపీ ఎక్స్‌క్లూజివ్ మోడ్ (సౌండ్ పరికరాన్ని ప్లేయర్ ఒక్కటే పట్టుకునే పద్ధతి) పెట్టుకుంటే ఇది ఇంకా బాగా తెలుస్తుంది. అన్నీ ఒకే రేటుకి మార్చుకుంటే పోయింది. ప్లేయర్‌లో రీశాంప్లర్ పెట్టి అన్నిటినీ ఒకే రేటులో బయటికి పంపినా పోతుంది.

అరవైనాలుగు_కళలు:

నేను పూర్తిగా వేరే దారి చెబుతా. అసలు ముక్కలెందుకు చేశారు?

మొత్తం కచేరీని క్యాసెట్‌కి ఒక్క ఫ్లాక్ ఫైల్‌గా ఉంచేయండి. పక్కన ఒక క్యూ ఫైల్ రాయండి. అది మామూలు టెక్స్ట్ ఫైల్, నోట్‌ప్యాడ్‌లో రాసుకోవచ్చు. ఏ ట్రాక్ పేరేంటి, ఎన్నో నిమిషంలో మొదలవుతుంది అని ఉంటుంది, అంతే. ఫూబార్‌లో ఆ క్యూ ఫైల్ తెరిస్తే 11 ట్రాకులూ విడివిడిగానే కనిపిస్తాయి, నాన్నగారు తనియావర్తనం మీద క్లిక్ చేస్తే నేరుగా అక్కడికే వెళుతుంది, కానీ మొదటి నుంచి వింటే లోపల పాడుతున్నది ఒకే ఫైల్. అతుకే లేదు కాబట్టి అతుకు గొడవే లేదు. స్ట్రాబెరీ, డెడ్‌బీఫ్, ఆడేషియస్ కూడా క్యూ చదువుతాయి, హాల్లో మెషిన్‌కీ అదే ఫైల్ కాపీ చేసుకోండి.

రెండు చోట్ల పొరపాటు పడతారు, నేనూ పడ్డా. సమయం రాసేటప్పుడు నిమిషాలు, సెకన్లు, ఆ తర్వాత ఫ్రేములు అని మూడు అంకెలుంటాయి. ఆ మూడోది సెకనులో నూరో వంతు కాదు, డెబ్బై అయిదో వంతు. ఎందుకంటే ఈ పద్ధతి ఆడియో సీడీ నుంచి వచ్చింది, సీడీలో సెకనుకి 75 సెక్టార్లు, ఒక్కో దానిలో 588 శాంపిళ్ళు. ఆడాసిటీలో అర సెకను అంటే 50 అని చూసి ఇక్కడా 50 కొట్టారనుకోండి, ట్రాక్ ఆలస్యంగా మొదలవుతుంది, అర సెకనుకి 37 రాయాలి. 80, 90 లాంటి అంకెలు రాస్తే కొన్ని ప్లేయర్లు ఫైల్‌నే తెరవవు. రెండోది, తెలుగులో పేర్లు పెడితే యూటీఎఫ్-8లో సేవ్ చేయండి, లేదంటే ఖరహరప్రియ కాస్తా అడ్డదిడ్డం గుర్తులుగా కనిపిస్తుంది.

ఎవరికైనా సీడీ రాసి ఇవ్వాలనుకుంటే కూడా ఇదే మంచి పద్ధతి. ముక్కలు ముక్కలుగా రాస్తే, రైటర్‌లో ట్రాక్ అట్ ఒన్స్ పెట్టి ఉంటే మధ్యమధ్యన రెండు సెకన్ల గ్యాప్ పడుతుంది, డిస్క్ అట్ ఒన్స్ పెట్టాలి. అప్పుడు కూడా మీ ముక్క 588 లెక్కకి సరిపోకపోతే చివరి సెక్టార్‌లో సున్నాలు నింపేస్తుంది. ఆడాసిటీలో కింద సమయం చూపించేచోట సీడీ ఫ్రేముల ఫార్మాట్ ఎంచుకుని, స్నాప్ పెట్టుకుని లేబుల్ చేస్తే ఈ తలనొప్పి కూడా ఉండదు. కారులో ఇంకా సీడీ ప్లేయర్ ఉన్నవాళ్ళు ఎంతమంది ఉన్నారో గానీ, మా బావగారు ఒకరున్నారు.

పాత_క్యాసెట్:

అందరికీ మరోసారి నమస్కారం. మూడు రోజులు పట్టింది కానీ చాలావరకు అయింది.

ముందు ఫ్లాక్‌గా మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేశా. పల్లవి, తని మధ్య టిక్ పూర్తిగా పోయింది, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పదిసార్లు వెనక్కి తిప్పి విన్నా, ఎక్కడ అతుకో నాకే తెలియలేదు. క్యూ పద్ధతి కూడా హాల్లో మెషిన్‌లో పెట్టా, 75 గొడవ ముందే చెప్పారు కాబట్టి బతికిపోయా, అయినా రెండు చోట్ల తప్పు కొట్టి మళ్ళీ సరిచేసుకున్నా. నాన్నకి స్ట్రాబెరీ నచ్చింది. ఫూబార్ చూసి ఇదేంట్రా బ్యాంకు లెడ్జర్‌లా ఉంది అన్నారు, కానీ లాప్‌టాప్‌లో అదే వాడుతున్నారు.

ఒక్కటి మిగిలింది. తానం మధ్యలో, మధ్యలో అంటే నిజంగానే ట్రాక్ మధ్యలో, అతుకు దగ్గర కాదు, ధ్వని ఒకసారి తెగి మళ్ళీ వస్తోంది. తంబురా ఆగి, ఓ క్షణం హిస్ కూడా లేకుండా ఖాళీ, తర్వాత వయొలిన్ ఇంకో చోట నుంచి అందుకుంటుంది. ఎంపీ3లోనూ ఉంది, ఫ్లాక్‌లోనూ ఉంది, ఒక్క ఫైల్‌గా పెట్టినా ఉంది. దాసు గారు చెప్పిన రేటు సంగతి చూశా, ప్రాజెక్ట్ అంతా 44,100 మీదే ఉంది. ప్లేయర్ బఫర్ (ముందుగా చదివి పెట్టుకునే నిల్వ) సరిపోవట్లేదా? నాన్న మాత్రం దీన్ని పట్టించుకోవట్లేదు, అదే ఆశ్చర్యం, అక్కడ తాళం లేదు కాబట్టేమో అనుకున్నా.

డాలస్_దాసు:

రెండు మెషిన్లలో, రెండు ప్లేయర్లలో, ఒకే క్షణంలో వస్తే బఫర్ కాదు. బఫర్ గొడవ అయితే చోటు మారుతూ ఉంటుంది. ఎక్కించేటప్పుడే పోయి ఉంటుంది. తమ్ముడు రికార్డ్ చేస్తున్నప్పుడు లాప్‌టాప్ నిద్రలోకి వెళ్ళిందేమో?

శ్రుతిబాక్స్:

ఆడాసిటీలో ఆ చోటుకి వెళ్ళి తరంగాన్ని పెద్దది చేసి చూడు. క్యాసెట్ ఎంత నిశ్శబ్దంగా ఉన్నా గీత సన్నగా వణుకుతూ ఉంటుంది, అది హిస్. అది కూడా లేకుండా గీత చదునుగా ఉంటే ఆ భాగం క్యాసెట్‌లోంచి వచ్చింది కాదు, కంప్యూటర్‌లో చేరింది. గీతకి అటూ ఇటూ ఏముందో కూడా చూడు.

మృదంగం_మూల:

ఆగండాగండి. ఆ గ్యాప్ మొదటి క్యాసెట్‌లోనా? మొదటి నుంచి లెక్కపెడితే ఎన్నో నిమిషంలో?

పాత_క్యాసెట్:

మొదటి క్యాసెట్టే. 46వ నిమిషం దాటగానే.

మృదంగం_మూల:

క్యాసెట్ మీద సీ-90 అని ఉందా?

పాత_క్యాసెట్:

ఉంది.

ఓహ్.

మృదంగం_మూల:

అదే మరి. సీ-90 అంటే వైపుకి 45 నిమిషాలు, కంపెనీలు ఒకటి రెండు నిమిషాల టేపు ఎక్కువే చుట్టేవి. మీ మామయ్యగారు క్యాసెట్ తిప్పారు! మీ తమ్ముడు ఆ వైపునీ ఈ వైపునీ ఒకే ప్రాజెక్ట్‌లో వరసగా అతికించాడు. వయొలిన్ వేరే చోట నుంచి అందుకుంటోందన్నారు కదా, తిప్పి మళ్ళీ బటన్ నొక్కేలోపు ఆయన వాయించింది టేపు మీద పడలేదు. దాన్ని ఏ ప్లేయరూ తేలేదు.

పాత_క్యాసెట్:

నాన్నని అడిగా ఇప్పుడే. "అది నీ కంప్యూటర్ తప్పని ఎవరన్నారు, మీ మామయ్య క్యాసెట్ తిప్పుతుంటే పక్కన కూర్చుంది నేనే, తొందరలో వేలు నలుపుకున్నాడు కూడా" అన్నారు. ఈ మూడు రోజులూ నేను కుస్తీ పడుతుంటే చూస్తూనే ఉన్నారు, ఒక్క మాట చెప్పలేదు.

తరంగం చూశా. రెండు వైపుల మధ్య తమ్ముడు రెండు సెకన్ల ఖాళీ కలిపాడు, అందుకే హిస్ కూడా లేదు. ఆ ఖాళీకి ముందు, టేపు చివర్లో, బటన్ నొక్కిన చప్పుడు కూడా ఉంది, వాల్యూమ్ పెంచితే వినబడుతోంది.

శ్రుతిబాక్స్:

ఇక్కడ మాత్రం చార్మినార్ అన్న మందు పనిచేస్తుంది. ఆ రెండు సెకన్ల ఖాళీ తీసేసి, ఆడాసిటీలో ఆ ఒక్కచోట చిన్న క్రాస్‌ఫేడ్, అర సెకను చాలు. తానంలో తాళం లేదు, తంబురా రెండు వైపులా ఒకే శ్రుతి, ఎవరికీ తెలియదు. ఒక్క జాగ్రత్త, తిప్పిన వైపు టేపు వేగం కొంచెం మారి ఉంటే శ్రుతి ఓ వెంట్రుక తేడాగా ఉంటుంది, చెవితో చూసుకో. అసలు కాపీని మాత్రం ముట్టుకోకు, వేరేగా సేవ్ చేసుకుని చెయ్యి.

చార్మినార్_చౌరస్తా:

చూశారా, నా మాట వినమంటే విన్నారా.

పాత_క్యాసెట్:

చేశా అన్నా, అర సెకను పెట్టా. శ్రుతి కలిసింది. నాన్న విని "ఇప్పుడు తిప్పినట్టు లేదు" అన్నారు, మెచ్చుకున్నారో విసుక్కున్నారో తెలియలేదు, కాబట్టి రెండూ ఉంచా, ఒకటి తిప్పినట్టు, ఒకటి తిప్పనట్టు. రెండో క్యాసెట్ కూడా సీ-90నే, అందులో తిప్పిన చోట ఏముందో రేపు చూడాలి. మంగళం మధ్యలో పడిందేమోనని టెన్షన్‌గా ఉంది.

మృదంగం_మూల:

అంతా అయ్యాక అడుగుతున్నా, పల్లవి ఏ రాగం?

పాత_క్యాసెట్:

తోడి అని నాన్న, శుభపంతువరాళి అని క్యాసెట్ కవర్ మీద మామయ్య. క్యూ ఫైల్‌లో ఆ ఒక్క పేరూ ఇంకా ఖాళీగానే ఉంది. తనికి ముందు ఓ నిమిషం పల్లవి కోసి పెడతా, మీరే వినిచెప్పండి. ఫ్లాక్‌లోనే పెడతా.